ఏడెకరాల పదును

ఇచ్చేవాడికి లేని తొందర పుచ్చుకునేవాళ్ళకెందుకని ఆ పొద్దున విరుపన్నకి ఒళ్ళు మండిపోయింది.

విరుపన్న గుట్టకిందపల్లి మఠంలో కొట్రయ్యస్వామికి శిష్యుడు. పన్నెండేళ్ళుగా స్వామి దగ్గరే ఉన్నాడు. మంచివాడు, ఒళ్ళు వంచి పనిచేస్తాడు. ఒక్కటే జబ్బు. ఏ పనైనా నలుగురూ మెచ్చేటట్టు, పదిమందీ చెప్పుకునేటట్టు చెయ్యాలంటాడు. ఆ హడావిడిలో పని కాస్తా మూలపడుతుంది.

ఈసారి మూలపడింది మఠం వెనకున్న ఏడెకరాల చేను. ఒకప్పుడు అది మాదిగవాడ వాళ్ళది. వాళ్ళ ఇళ్ళూ, తోళ్ళు నానేసుకునే తొట్లూ, శెనక్కాయ చేనూ అన్నీ అక్కడే ఉండేవి. ఇప్పటి స్వామికి ముందున్న పెద్దస్వామి కాలంలో, పూజవేళకి తోళ్ళ వాసన వస్తోందని వాడ వాడంతా లేపి గుట్టమీది రాళ్ళలోకి తోలేశారు. చేను చుట్టూ ముళ్ళకంప వేశారు. తోలు వాసన పడని మఠానికి తోలు బిగించిన నగారా మాత్రం బాగానే పడింది. అది రోజూ రెండు పూటలా మోగుతూనే ఉంది, ఆ తోలు వాడవాళ్ళు బిగిస్తూనే ఉన్నారు.

మూడేళ్ళ కిందట పట్నంలో మతపెద్దలందరూ ఒకచోట కూర్చున్నారు. మఠాలవాళ్ళు, చర్చివాళ్ళు, దర్గావాళ్ళు. కులం పేరు చెప్పి మన పెద్దలు లాక్కున్నవన్నీ తిరిగి ఇచ్చేద్దామని అక్కడ మాటనుకున్నారు. కొట్రయ్యస్వామి బస్సు దిగొచ్చి, చేను వాడవాళ్ళదేనని పత్రం రాయించి, సంతకం పెట్టి విరుపన్న చేతిలో పెట్టాడు.

"ఇచ్చెయ్ నాయనా," అన్నాడు.

ఆ పత్రం ఇంకా విరుపన్న పెట్టెలోనే ఉంది.

మరి ఊరికే ఎట్లా ఇచ్చేస్తాం? మొదటి ఏడాది నిబంధనలు రాయడంతో గడిచింది. చేను అమ్ముకోకూడదు, తాకట్టు పెట్టకూడదు, పండిన డబ్బుతో తాగకూడదు. రెండో ఏడాది కమిటీ. మూడో ఏడాది రాయి. నల్లరాతి పలక మీద "మఠంవారి భూదానం" అని పెద్దక్షరాలు చెక్కించి, కాషాయగుడ్డ చుట్టి, చేనిదారి దగ్గర ఆనించిపెట్టాడు. కార్తీకంలో మఠం ఆరాధన జరిగే రోజున, పట్నం పెద్దలందరి ఎదుటా ఆ గుడ్డ తీయాలని విరుపన్న కోరిక.

పక్కూరి చర్చివాళ్ళు తమ దగ్గరున్న రెండెకరాలూ మాటనుకున్న వారంలోనే ఇచ్చేశారని, అవతలివాళ్ళు అప్పుడే మూడు పంటలు తీశారని కబురొచ్చింది.

"సభైనా పెట్టకుండానా!" అని విరుపన్న ముక్కున వేలేసుకున్నాడు.

మంగళవారం వాన దంచికొట్టింది. గురువారం పొద్దున్నే సుంకులవ్వ వచ్చి మఠం మెట్ల కింద కూర్చుంది. వాడలో అందరికన్నా పెద్ద మనిషి, ఎనభై దాటాయి. గుట్టమీదికి తోలేసిన రోజున తల్లి కొంగు పట్టుకుని నడిచింది. ఆ తర్వాత బతుకంతా ఆ చేన్లోనే కూలికి కలుపు తీసింది. మొన్న వేసవి దుక్కి దున్నింది కూడా ఆమె కొడుకే, కూలికే.

"సామీ, కంప తియ్యండి. పదును పోతాది," అంది.

పదునంటే విత్తనం మొలిచేటంత తడి. ఆ సీమలో వాన పడ్డాక నాలుగు రోజులు నిలుస్తుంది, మహా అయితే ఐదు. అది దాటితే ఆ ఏడాది దాటిపోయినట్టే.

"ఎన్నిసార్లు చెప్పాలి అవ్వా నీకు? కార్తీకంలో ఇస్తామన్నాం గదా."

"కార్తీకంలో ఏం విత్తాల సామీ?"

"వచ్చే ఏడు విత్తుకోండి!"

"పోయినేడు గూడా అదే అంటివి. అంతకు ముందేడూ అదే అంటివి. ఏటా విత్తనం కాయలు ఒలిచి పెట్టుకునేది, పదును పోయినాక వేయించుకుని తినేది. నమిలేదానికి నాకు పండ్లు గూడా లేవు." ఆమె గొంతు తగ్గించింది. "వచ్చే ఏటికి నేనుండను సామీ. నాకు తెలుస్తాంది. ఒక్కసారి నా చేత్తో నా చేన్లో విత్తనం పడాల. అంతే."

విరుపన్న రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. "మీ మంచికే గదా ఇదంతా! మీవాళ్ళు ఒక్కరన్నా కమిటీకి వచ్చారా? నిబంధనలకి వేలిముద్ర వేశారా? మీకు మేలు చెయ్యడానికి నా తలప్రాణం తోకకొస్తోంది!"

కొట్రయ్యస్వామి అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతూ ఇదంతా విన్నాడు. నోరు పుక్కిలించి లేచాడు.

"పదండి, చేనెట్లుందో చూసొద్దాం."

మెట్ల కింద విరుపన్న చెప్పులున్నాయి. సుంకులవ్వ కొడుకు పెద్దన్న కుట్టిచ్చిన కిర్రుచెప్పులు, కొత్తవి. స్వామి వాటిలో కాళ్ళు పెట్టి కిర్రు కిర్రుమని నడిచి వెళ్ళిపోయాడు.

స్వామి పుట్టి బుద్ధెరిగి చెప్పులు తొడగలేదు. పెద్దతనం గదా, పరధ్యానంలో వేసుకున్నాడేమో అనుకున్నాడు విరుపన్న. గురువుని పట్టుకుని నా చెప్పులెందుకు వేసుకున్నావని అడుగుతామా? వట్టికాళ్ళతో వెనకే బయల్దేరాడు. సుంకులవ్వ కర్ర పొడుచుకుంటూ వాళ్ళ వెనక నడిచింది.

దారి పొడుగునా గులకరాళ్ళు. వాన వెలిసిన తర్వాతి ఎండ చురుక్కుమంటోంది. పాత కంప రాలిన చోటల్లా ముళ్ళు. పది అడుగులకే విరుపన్న కుంటడం మొదలుపెట్టాడు. ఇరవై అడుగులకి ఓర్చుకోలేకపోయాడు.

"స్వామీ, ఆ చెప్పులు..."

"నీవే. నాకు తెలుసు."

"తెలుసా?"

"తెలియకపోవడమేం! వేసుకోకూడదు, తప్పే. తప్పని ఒప్పుకుంటున్నా." స్వామి నడక ఆపలేదు. "నీకు ఇచ్చెయ్యాలని గట్టిగా అనుకున్నా."

"మరి ఇవ్వండి స్వామీ."

"ఊరికే ఎట్లా ఇస్తాం నాయనా? మంచిరోజు చూద్దాం. నలుగురినీ పిలుద్దాం."

విరుపన్న పళ్ళు బిగించి నాలుగడుగులు వేశాడు. కస్సున ముల్లు దిగింది. "అమ్మా! ముల్లు స్వామీ!"

"అయ్యయ్యో! నీ బాధ చూస్తే నా కడుపు తరుక్కుపోతోంది," అన్నాడు స్వామి, కిర్రు కిర్రుమని నడుస్తూనే. "అది సరే, ఇచ్చాక వీటిని జాగ్రత్తగా చూసుకుంటావా? అమ్ముకోవు గదా? కల్లు దుకాణానికి వేసుకుపోవు గదా?"

"నేనెప్పుడన్నా కల్లు దుకాణానికి పోయానా స్వామీ!"

"పోలేదనుకో. మాట తీసుకోవడం మంచిది. ఒక కాగితం రాసివ్వు." స్వామి కాస్త ఆలోచించాడు. "చెప్పుల మీద అక్షరాలు కూడా కుట్టిద్దాం. విరుపన్నకి కొట్రయ్యస్వామి చేసిన దానం అని. నువ్వు నడిచినచోటల్లా జనం చదువుకుంటారు."

ఇక విరుపన్నకి ఓపిక పోయింది. గురువన్న భయమూ పోయింది, పన్నెండేళ్ళ భక్తీ పోయింది.

"నా చెప్పులు నాకు దానమేమిటి స్వామీ!"

ఆ అరుపుకి దుక్కిలో వాలిన గువ్వలు లేచిపోయాయి. స్వామి ఆగాడు. సుంకులవ్వ కూడా ఆగింది. తన కర్ర వైపు చూసుకుంటోంది. తను అరిచిన మాట విరుపన్న చెవుల్లోనే ఉండిపోయింది.

ఒంటికాలి మీద నిలబడలేక దారి పక్కనే చతికిలబడ్డాడు.

సుంకులవ్వ కర్ర పక్కన పడేసి ఆయన ముందు కూర్చుంది. గాజుకి తగిలించుకున్న పిన్నీసు తీసింది. "కాలియ్యి సామీ," అంది.

విరుపన్న కాలు చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. వాడవాళ్ళు మఠం మనుషుల్ని తాకడం ఆయన ఎన్నడూ ఎరగడు. ఎవరూ వద్దనక్కర్లేకుండానే వాళ్ళు మెట్ల కిందే ఆగిపోతారు.

"ఇయ్యి సామీ, నా కంటిచూపు అంతంత మాత్రం. కదలొద్దు."

కాలు ఆమె ఒడిలో పెట్టాడు. ఆమె కళ్ళు చికిలించి, బొటనవేలితో నొక్కి, పిన్నీసుతో ముల్లు పైకి లేపి గోళ్ళతో లాగేసింది. తీసిన ముల్లు ఇంకొకరికి గుచ్చుకోకుండా దూరంగా విసిరేసింది. మోకాళ్ళు పట్టుకుని లేచి, చీర దులుపుకుని కర్ర అందుకుంది.

"పదండి, ఎండెక్కుతాంది," అంది.

అప్పుడు స్వామి చెప్పులు విడిచి విరుపన్న ముందు పెట్టాడు. "ఇవిగో నాయనా, నీవి." అంతే. వట్టికాళ్ళతో వచ్చిన దారినే మఠానికి వెళ్ళిపోయాడు.

విరుపన్న చెప్పులు తొడుక్కున్నాడు. తర్వాత లేచి మఠం వైపు పరుగు తీశాడు. కుంటుతూ వెళ్ళి, కుంటుతూ వచ్చాడు. పత్రం తెచ్చి సుంకులవ్వ చేతిలో పెట్టాడు. నిబంధనల కాగితాలు తేలేదు. చేనిదారికి అడ్డంగా ఉన్న కంప దగ్గరికి పోయి దాన్ని చేతుల్తో పట్టి లాగడం మొదలుపెట్టాడు. చేతులు గీరుకుపోయి నెత్తురొస్తున్నా ఆపలేదు.

సుంకులవ్వ గుట్టవైపు తిరిగి, ఎనభయ్యేళ్ళ గొంతుతో కేకేసింది.

"ఒరే పెద్దన్నా! గొర్రు తీసుకుని రారా! కంప తీసినారు!"

గంటలో వాడంతా దిగింది. పెద్దన్న ఎద్దుల్ని కట్టి, విత్తే సాళ్ళు తీసే గొర్రు తోలాడు. గొర్రు వెనకే, ఒడిలో ఒలిచిన విత్తనాలు పోసుకుని సుంకులవ్వ నడిచింది. కొడుకు వద్దన్నా వినలేదు. మొదటి సాలు మొత్తం తనే వేసింది. చివరికొచ్చేసరికి ఆయాసంతో నిలబడలేక గట్టు మీద కూలబడింది. మొహమంతా నవ్వే. కళ్ళ నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు. మిగతా సాళ్ళు కోడళ్ళు వేశారు.

విత్తనం పడ్డాక పైన మట్టి కప్పాలి గదా. పెద్దన్న అడ్డదూలంలాంటి గుంటక కట్టి తోలబోయాడు. బరువు లేక అది పైపైనే ఎగిరిపడుతోంది.

సుంకులవ్వ అటూ ఇటూ చూసింది. చేనిదారి దగ్గర కాషాయగుడ్డ చుట్టుకుని నిలబడి ఉన్న రాయి ఆమె కంటపడింది.

"సామీ, ఆ రాయి బరువుంటాదా?"

విరుపన్న రాయివైపు చూశాడు. పట్నం నుంచి తెప్పించిన రాయి. దానిమీది మాటలు కుదిరేదానికి ఆయనకి ఏడాది పట్టింది.

"ఉంటుందవ్వా," అన్నాడు.

గుడ్డ విప్పి మడిచి గట్టు మీద పెట్టాడు. పెద్దన్న ఒక పక్క, తనొక పక్క పట్టి మోసుకొచ్చారు. గుంటక దగ్గరికొచ్చి ఆగాడు.

"అక్షరాలు పైకి పెట్టమంటావా అవ్వా, కిందికా?"

సుంకులవ్వకి విసుగొచ్చింది.

"ఎట్లన్నా పెట్టు సామీ! తొందరగా పెట్టు. పదును పోతాంది."