ఊక బస్తా

ఈ కథ నాకు మొదట చెప్పినవాడు లంబసింగి రంపంకోత సింహాద్రయ్య. నాకూ వాడికీ మాటల్లేక పదకొండేళ్లు. అయినా ఉన్నమాట చెప్పాలి, వాడు అబద్ధం ఆడడు.

ఆ కొండమీద అప్పలాచారి అని పెద్ద వడ్రంగి. కళ్లు పోయాయి, చెవులు మిగిలాయి. భార్య పోయాక ఇంట్లో ఒక్కడే. ఇంటిని ఆనుకున్న పాత జీపు షెడ్డులో శిష్యుడు కామేసు పని చేస్తుంటే, ముసలాయన అరుగుమీద కూర్చుని ఉలి చప్పుడు వినేవాడు.

"ఒరే, చెక్క పొరకి ఎదురెళ్తన్నావు. ఆగు."

ఏడేళ్లుగా అదే మాట. కామేసుకి ముప్పై దాటాయి. 'ఉలి వీడిది, పని ముసలాయనది' అని ఊరు నవ్వేది. ఈసారి ఊళ్లో రేషన్ డీలరు కొత్తింటి తలుపు ఒక్క దిద్దుబాటు పడకుండా ముగించాలని వాడు పంతం పట్టాడు.

పుష్యమాసం. షెడ్డులో వేళ్లు కొంకర్లు పోతున్నాయి. కామేసుకి అదే సాకు దొరికింది. పైరేకుల కింద గడ్డి దట్టించాడు. చెక్కగోడల పొడుగునా ఊక బస్తాలు పేర్చాడు. సందుల్లో పేడమట్టి మెత్తాడు. పొగకి తలుపుపైన జానెడు కంత వదిలి, కుంపటి పెట్టాడు. అరుగు దగ్గరకి రాకుండా రోడ్డువైపు నుంచే వచ్చి పోయేవాడు.

లోపల వెచ్చగా ఉంది. ఉలి చప్పుడు ఊకలోనే చచ్చేది. బయటి మాట లోపలికి రాదు. మూడు రోజులు ఇష్టం వచ్చినట్టు చెక్కాడు. తలుపుమీద చిలకలు కుదిరాయి. అయినా మధ్యమధ్య చెయ్యి దానంతటదే ఆగి, దేనికోసమో చూసేది.

నాలుగోనాడు కబురు పెడితే గురువు కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. చిలకల్ని వేళ్లతో తడిమాడు.

"తప్పు లేదు."

కామేసు ఛాతీ పొంగింది. "చలీ లేదు గురువుగారూ. ఎలా కట్టానో చూడండి!"

"బాగా కట్టావురా. ఊక తొక్కి తొక్కి నింపావు."

గోడ తడుముకుంటూ వెళ్లి, అరుగువైపు పై బస్తా ఒకటి లాగి కింద పడేశాడు. మంచుగాలి రివ్వున కొట్టింది.

"అయ్యయ్యో, చలొస్తాది!"

"రానీ."

"తప్పు లేదన్నారు కదా, మరెందుకు?"

ముసలాయన కుంపటి దగ్గర చతికిలబడి చేతులు చాచాడు. కామేసు ఆ చేతులు పట్టుకున్నాడు. ఐసుగడ్డలు.

"పొద్దున్న నీ ఉలి మొదటి దెబ్బ విని నేను పొయ్యి ముట్టిస్తానురా," అన్నాడు అప్పలాచారి. "మూడు రోజులై తెల్లారలేదు."

రెండో బస్తా కామేసే లాగాడు.

చింతపల్లి మేస్త్రీలు ఇప్పుడీ కథ చెబుతూ, కుంపటి పొగ పోవడానికి బస్తా తీశాడంటున్నారు. శుద్ధ తప్పు. పొగకి కంత ఉంది. నాది వానాకాలం చదువు. చదువుకున్నవాళ్లెవరైనా దీన్ని సరిగ్గా దిద్ది నలుగురికీ చెప్పండి. సింహాద్రయ్యకి కూడా ఓసారి చదివి వినిపించండి.