అడ్డకొమ్మ

మా గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ప్రశ్న అడిగిన రోజున జవాబు చెప్పేవారు కాదు. "ఆవకాయ కలిపిన పూటే జాడీ తిరగేస్తారా? మూడోనాడు కదా! ఊరనివ్వండి" అనేవారు. ఆ మూడోనాటికి ప్రశ్న అడిగినవాడు దాన్ని మరిచిపోతే, అది ప్రశ్నే కాదని ఆయన లెక్క.

విజయనగరంలో ఒక మేడమీది గదిలో సాయంకాలాలు ఆయన మాకు ఉపనిషత్తు పాఠం చెప్పేవారు. మేమంతా నెత్తి నెరిశాక చదువుకు వచ్చిన వాళ్ళం. నాది మందుల షాపు. నా పక్కన కూర్చునే నరహరిగారు కాలేజీ లెక్చరరుగా రిటైరైన మనిషి. అంతకన్నా పరీక్షల స్క్వాడులో ఆయనకు పేరెక్కువ. పిల్లులకు కూడా ఆయనంత మెత్తటి అడుగు ఉండదని చెప్పుకునేవారు. కుర్రాడి వెనక ఎప్పుడు నిలబడ్డారో తెలిసేది కాదు, చొక్కా మడతలోంచి చీటీ మాత్రం బయటికి వచ్చేసేది. "చీటీ ఉందా అని అడిగితే ఉందని ఏ వెధవైనా చెప్తాడా? అడిగితే అబద్ధం వస్తుంది, కనిపెడితే నిజం వస్తుంది" అన్నది ఆయన సిద్ధాంతం. ముప్ఫయ్యేళ్ళు దాని మీదే బతికారు కనుక దాన్ని తప్పుపట్టడానికి మాకెవరికీ నోరు వచ్చేది కాదు.

ఒక శుక్రవారం పాఠం అయ్యాక నరహరిగారు లేచి నిలబడి అడిగారు.

"గురువుగారూ, గురువు చూపించిన దారిని శిష్యుడు అనుమానించవచ్చునా?"

ప్రశ్న పెద్దదే. కానీ దాని వెనక ఉన్నది చిన్న సంగతి, అది మా అందరికీ తెలుసు. మేం మూడో అధ్యాయంలోకి వెళ్ళిపోయినా గురువుగారు ఆయన్ని పదకొండు నెలలుగా మొదటి పాఠం దగ్గరే కూర్చోబెట్టారు. "మళ్ళీ చదువుకుని రండి" అనడమే తప్ప ఇంకో మాట లేదు. నరహరిగారు ఈ విషయం నా షాపుకొచ్చి నన్ను మూడుసార్లు అడిగారు. "ఈయనకి ఆ పైన నిజంగా వచ్చునంటారా? లేక నాకు చెప్పకుండా దాస్తున్నారంటారా?" అని గొంతు తగ్గించి మరీ అడిగారు. పాఠానికి వచ్చే మిగతా వాళ్ళనీ అడిగారు. భార్య సుభాషిణిగారినైతే రోజూ అడుగుతూనే ఉన్నారట. గురువుగారిని మాత్రం ఒక్కసారీ అడగలేదు. ఈ నెలలో తేలకపోతే మానేస్తానని కూడా అన్నారు.

గురువుగారు ఆయన వంక చూసి, "అనుమానం వస్తే మీరేం చేస్తారు?" అన్నారు.

"కనిపెడతానండి."

"సరే. ఆదివారం లోయకు పోదామనుకుంటున్నాం కదా, మీ దంపతులిద్దరూ రండి" అని లేచిపోయారు.

లోయంటే మన్యంలో ఉన్న మూడు ధారల లోయ. కొండమీది ఊళ్ళో జీపు దిగితే, అక్కడివాడే ఒక గైడు వెంట ఉండి మూడు జలపాతాలూ చూపించి పొద్దు వాలకముందే వెనక్కి తెచ్చి దించుతాడు. ఆదివారం పొద్దున్న గురువుగారూ, నరహరి దంపతులూ, నేనూ వెళ్ళాం. మాకు దొరికిన గైడు పేరు గెమ్మెలి బొంజుబాబు. నలభై ఏళ్ళుంటాయి. కాళ్ళకు చెప్పుల్లేవు, భుజాన గుడ్డసంచి ఒకటి. మాట తక్కువ. మాట తక్కువైన వాణ్ణి చూస్తే నరహరిగారికి మొదటి నుంచీ గిట్టదు.

దిగీ దిగగానే బొంజుబాబు మా దగ్గరగా వచ్చి వాసన చూశాడు. అవును, వాసనే చూశాడు. "సెంటు ఎవులు పూసుకున్నారు? కడిగీండి" అన్నాడు. పూసుకున్నది నరహరిగారు. బోరింగు దగ్గర మెడ కడుక్కుంటున్నంత సేపూ ఆయన కళ్ళు గైడు మీదే ఉన్నాయి. తరువాత, బాణం గుర్తుతో బోర్డు పెట్టిన వెడల్పాటి బాటను వదిలేసి, పొదల మధ్య సన్నటి కాలిబాటలోకి మమ్మల్ని తిప్పాడు. "అటేపు వద్దండి" అన్నాడంతే. నరహరిగారు నా మోచేయి పట్టుకుని వెనక్కి లాగారు.

"సంచి చూశారా? అందులో తాడుంది. ఒక కత్తి కూడా ఉంది. జలపాతం చూపించేవాడికి తాడెందుకండీ?"

నాకు అంతకుముందు ఏ అనుమానమూ లేదు. ఆయన అన్నాక మాత్రం ఆ సంచి మీదినుంచి నా చూపు కదలలేదు. అనుమానం జలుబులాంటిది, పక్కన నడిస్తే చాలు.

గురువుగారు మాత్రం కర్ర పొడుచుకుంటూ గైడు పక్కనే నడిచారు. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ మాటలు మాదాకా రాలేదు.

మొదటి ధార చూశాం. బాగానే ఉంది. అంతకన్నా చెప్పలేను, ఎందుకంటే నేను చూసింది సంచిని. రెండో ధార దగ్గరకు వచ్చేసరికి సుభాషిణిగారి మోకాలు పట్టేసింది. అక్కడ ఒక ముసలావిడ రేకుల పాకలో టీ కాచి అమ్ముతోంది. నరహరిగారు అప్పటికే ఒక బండ ఎక్కి, జీపు నంబరు బావమరిదికి పంపించడానికి ఫోను పైకెత్తి సిగ్నలు వెతుక్కుంటున్నారు. బొంజుబాబు సుభాషిణిగారిని పాకలో కూర్చోబెట్టి ఏదో చెప్పాడు. నేను గ్లాసు కడుక్కుంటున్నాను, సగమే విన్నాను. ఆవిడ, "మోకాలు కుదుటపడితే మెల్లగా వస్తాను, మీరు నడవండి" అన్నారు. మూడో ధారకు అక్కడినుంచి అరగంట నడక.

కొంతదూరం పోయాక దారి రెండుగా చీలింది. మేం కుడివైపు దిగాం. గైడు వెనక్కి వచ్చి, కత్తితో పచ్చటి కొమ్మ ఒకటి నరికి, ఎడమ దారికి అడ్డంగా పడేసి, ఎందుకో చెప్పకుండా మళ్ళీ ముందున్న గురువుగారి దగ్గరకు పోయాడు.

నరహరిగారి మొహం వెలిగింది. స్క్వాడు రోజుల్లో చీటీ దొరికినప్పుడు అలాగే వెలిగేదేమో. "చూశారా! వెనకొచ్చే వాళ్ళకి గుర్తు. మనమెటు వెళ్ళామో చెబుతున్నాడు" అన్నారు.

"వెనక ఎవరున్నారండీ?" అన్నాను.

"అదే కదా తెలియాల్సింది!"

ఆయన ఆ కొమ్మను రెండు చేతులా ఎత్తి తెచ్చి మేం దిగిన కుడి దారికి అడ్డంగా పరిచారు. "ఇప్పుడు రమ్మనండి. దొంగకి దొంగదారే దొరుకుతుంది" అని చేతులు దులుపుకున్నారు. నేను చూస్తూ నిలబడ్డాను. వద్దనలేదు. ఈ కథలో నా వంతు అంతే, ఆ వంతుకు నేను ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మూడో ధార దగ్గర గంటసేపు కూర్చున్నాం. అంత ఎత్తునుంచి నీళ్ళు పడుతుంటే గురువుగారు చిన్నపిల్లవాడిలా నోరు తెరిచి చూశారు. నరహరిగారు ధారకు వీపు పెట్టి, వచ్చిన దారి వైపు తిరిగి కూర్చున్నారు. ఎవరూ రాలేదు. దొంగలూ రాలేదు, సుభాషిణిగారూ రాలేదు. "మోకాలు తగ్గి ఉండదు, పాకలోనే ఉండిపోయింది" అన్నారాయన, తనకు తాను చెప్పుకుంటున్నట్టు.

తిరుగుదారిలో చీలిక దగ్గరకు వచ్చేసరికి ముందు నడుస్తున్న బొంజుబాబు ఆగిపోయాడు. కొమ్మ వంక చూశాడు, ఎడమ దారి వంక చూశాడు. ఎడమ దారి తడిమట్టిలో చెప్పుల గుర్తులున్నాయి. ఒక్క మనిషివి, చిన్నవి.

"అమ్మగారు!" అని పరుగెత్తాడు.

పరుగెత్తుతూనే నేను గురువుగారిని అడిగితే, వెనకనుంచి ఆయన రొప్పుతూ చెప్పారు. కొండల్లో పోగూడని దారికి పచ్చికొమ్మ అడ్డం వేస్తారట. వెనక వచ్చేవాళ్ళు ఆ కొమ్మ దాటి పోరట, దాన్ని ఎవరూ ముట్టుకోరట. పాకలో బొంజుబాబు సుభాషిణిగారికి చెప్పినదీ అదేనట, కొమ్మ లేని దారిన రమ్మని. ఎడమ దారి రెండో ధార నెత్తిమీదికి పోతుంది. అక్కడంతా పాకుడు పట్టిన బండే, పశువులు కూడా అడుగు పెట్టవు.

నరహరిగారు ఈ మాటలు విన్నారు. నన్ను దాటి పరుగెత్తారు.

చెట్లు అయిపోయిన చోట బండ మొదలైంది. దాని మీద నీళ్ళు పల్చగా పారుతున్నాయి. ఆ చివర బండ తెగిపోయింది, కింద ధార మోత. చివరికి నాలుగు బారల ఇవతల సుభాషిణిగారు నీళ్ళలో కూలబడి, బండ పగులులోంచి వచ్చిన వేరు ఒకదాన్ని రెండు చేతులా పట్టుకుని ఉన్నారు. ఒక కాలికి చెప్పు లేదు. అది ధారతోపాటు వెళ్ళిపోయింది.

"సుభా!" అని నరహరిగారు ముందుకు దూకబోతే బొంజుబాబు ఆయన రొమ్ముకు చెయ్యి అడ్డం పెట్టాడు. సంచిలోంచి తాడు తీశాడు. ఒక కొస తన నడుముకు కట్టుకుని, తాడు చెట్టు మొదలుకు ఒక చుట్టు తిప్పి, రెండో కొస నరహరిగారి చేతుల్లో పెట్టాడు.

"వదలకండి బాబూ. నాను సెప్పినప్పుడు లాగండి."

బండ మీద కూర్చుని జరుగుతూ వెళ్ళాడు. వట్టి పాదాల వేళ్ళు బండను పట్టుకుంటుంటే అతనికి చెప్పులెందుకు లేవో అప్పుడు అర్థమైంది నాకు. నరహరిగారూ నేనూ తాడు పట్టుకున్నాం. పొద్దున్న ఎందుకని అడిగిన తాడు అదే. ఆయన దాన్ని వదల్లేదు. కాసేపటికి ఆవిడను వీపున వేసుకుని బొంజుబాబు చెట్టు నీడకు వచ్చాడు.

మోచేతులు చీరుకుపోయాయి, మోకాలు వాచింది. ప్రాణానికి ఏమీ కాలేదు. భయం తీరాక ఆవిడకు కోపం వచ్చింది. రావలసిందే.

"కొమ్మ లేని దారినే వచ్చానయ్యా! నువ్వు చెప్పినట్టే వచ్చాను. నమ్మించి చంపేద్దామనుకున్నావా?"

బొంజుబాబు తలవంచుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. గాలికి కదిలిపోనాదేమో. పెద్ద కొమ్మ ఎయ్యాల్సింది. ఊరికెల్లి పెద్దోళ్ళకి నానే సెప్పీసి, ఈ పని మానీస్తాను."

గాలి కొమ్మను ఎగరగొట్టగలదు. ఎత్తి తెచ్చి పక్కదారికి అడ్డంగా తిన్నగా పరచలేదు. ఈ సంగతి అతనికి తెలియదనుకోను. చూసినవాణ్ణి నేనున్నాను, చేసినవారు నా పక్కనే ఉన్నారు. ఇద్దరం నోరు మూసుకుంటే ఆ కొండల్లో అతనికి అన్నం పెట్టే పని ఆ పూటతో పోతుంది. చెప్పాలని నోరు తెరిచాను. కానీ నాకన్నా ముందు నరహరిగారే అన్నారు.

"కొమ్మ మార్చింది నేను."

సుభాషిణిగారు ఆయన వంక తిరిగారు. ఆయన ఆవిడ వంక చూడలేకపోయారు.

"గుర్తనుకున్నాను. నీ వెనక ఎవరో వస్తున్నారనుకున్నాను. తాడు చూశాను, కత్తి చూశాను, సెంటు కడిగించావు, బోర్డున్న దారి మాన్పించావు... అన్నీ కనిపెట్టాను."

బొంజుబాబు ఆయన వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. కొట్టినా అనేవాళ్ళం కాదు. అతను తాడు చుట్ట చుట్టి సంచిలో పెట్టుకుంటూ మెల్లగా అన్నాడు.

"అడిగితే సెప్పుదును గదా బాబూ."

అంతే అన్నాడు. సుభాషిణిగారిని మళ్ళీ వీపున వేసుకుని ముందు నడిచాడు. ఊరు దగ్గరపడుతుండగా గురువుగారు కర్రెత్తి పక్కకు చూపించారు. దూరంగా, బోర్డు పెట్టిన వెడల్పాటి బాటకు పైనున్న కొండచరియకు నాలుగైదు తేనెపట్టులు చాటలంత వెడల్పున వేలాడుతున్నాయి. "సెంటు వాసనకు ఈగలు లేస్తాయట. పొద్దున్నే చెప్పాడు నాకు" అన్నారు. నరహరిగారు మెడ తడుముకున్నారు.

జీపెక్కాం. సుభాషిణిగారు కళ్ళు మూసుకుని కిటికీ వైపు ఒరిగారు. రెండో కాలి చెప్పు ఆవిడ ఒళ్ళోనే ఉంది, ఎందుకు పట్టుకున్నారో పాపం. నరహరిగారు ఆ చెప్పునే చూస్తూ కూర్చున్నారు. ఘాట్‌రోడ్డు సగం దిగాక ఆయన ముందు సీటు వైపు వంగారు. 

"గురువుగారూ, నన్ను ఇన్నాళ్ళూ ఆ మొదటి పాఠం దగ్గరే ఎందుకు కూర్చోబెట్టారండీ?"

గురువుగారు వెనక్కి తిరిగి ఆయన్ని చూశారు. ఆ రోజు అడిగిన ప్రశ్నకు ఆ రోజే జవాబు చెప్పడం నేను ఆయన దగ్గర చూసింది ఆ ఒక్కసారే.

"రేపు వచ్చేటప్పుడు రెండో పాఠం తెచ్చుకోండి" అన్నారు.