గిజిగాడి సగం గూడు

ఒకప్పుడు గిజిగాడు గూడంతా కట్టేశాకే ఆడపిట్టను పిలిచేవాడు. సగం గూడు ఎవరి కంటైనా పడితే అతనికి తలవంపులు.

ఆ రోజుల్లో ఏటి గట్టున, తుమ్మచెట్టు కింద, పిట్టలన్నీ పని నేర్చుకునే పాక ఒకటి ఉండేది. ముక్కును ఉలిలా ఎలా వాడాలో వడ్రంగిపిట్ట నేర్పేవాడు. ఆకుకు బెజ్జం పెట్టి సాలీడు దారం ఎక్కించడం కుట్టుపిట్ట నేర్పేది. పచ్చి పోచ వంగుతుందనీ, ఎండు పోచ విరుగుతుందనీ గిజిగాడు అక్కడే తెలుసుకున్నాడు. ముడి వేయడంలో అతన్ని మించినవాళ్లు లేరు.

పాకలో ఒక కట్టుబాటు ఉంది. ముందు నమూనా కట్టాలి. అందులో కాపురం ఉండబోయేవాళ్లు ఎక్కి కూర్చుని చూడాలి.

"ఏరా, నీ నమూనా ఏది?" అన్నాడు వడ్రంగిపిట్ట.

"నమూనాలు చేతకానివాళ్లకు మామా! నేను ఏకంగా గూడే చూపిస్తా."

"అబ్బో, మా బావ గొప్ప పనిమంతుడు!" అని కుట్టుపిట్ట కిసుక్కున నవ్వింది.

గూడు సగంలో ఉండగా ఆడపిట్ట వచ్చింది. "ఏదీ, ఒక్కసారి కూర్చోనీ."

"అయ్యాక చూద్దువుగాని పో," అని గిజిగాడు రెక్కలు అడ్డం పెట్టాడు.

ఏటి మీదికి వాలిన కొమ్మకు వేలాడుతూ గూడు పూర్తయింది. కిందికి పొడుగాటి గొట్టంలా వాకిలి. అందరూ మెచ్చుకున్నారు. ఆడపిట్ట గుడ్లు పెట్టింది.

ఒక సాయంత్రం పెద్ద గాలి వచ్చింది. గూడు ఊగింది. ఒక్క ముడీ ఊడలేదు. కానీ గుడ్ల గదికీ వాకిలికీ మధ్య గడప లేదు. గుడ్లు దొర్లి, గొట్టంలోంచి జారి, ఏట్లో పడిపోయాయి.

ఆడపిట్ట అరవలేదు. "సగంలో కూర్చోనిచ్చి ఉంటే, గడప లేదని నా కాళ్లకే తెలిసేది," అంది.

గాలిని తిడదామని గిజిగాడు నోరు తెరిచాడు. పైన గూడు చెక్కుచెదరకుండా ఊగుతోంది. నోరు మూసుకుని రెల్లు దుబ్బులో దాక్కున్నాడు.

చివరికి పాకకు వెళ్లాడు. ఎవరూ ఏమీ అనలేదు. కుట్టుపిట్ట కూడా నవ్వలేదు. వడ్రంగిపిట్ట పక్కకు జరిగి చోటిచ్చాడు. తిట్టి ఉంటేనే బాగుండుననిపించింది గిజిగాడికి.

పచ్చి పోచలు తెచ్చాడు. అందరూ చూస్తుండగానే కొమ్మకు ఒక వలయం అల్లాడు, దానికి అడ్డంగా గడప కట్టాడు. అక్కడితో ఆగాడు. తలకిందులుగా వేలాడుతూ, రెక్కలు కొట్టుకుంటూ, "వచ్చి చూడవా?" అని పిలిచాడు.

ఆడపిట్ట చాలాసేపటికి వచ్చింది. గడప మీద కూర్చుని గట్టిగా ఊగింది. "ఇంకాస్త మందం కావాలి," అంది.

"అలాగే," అన్నాడు గిజిగాడు, తల ఎత్తకుండా.

అప్పటినుంచే గిజిగాడు గూడు సగం కట్టి ఆగుతాడు. ఆడపిట్ట వచ్చి, కూర్చుని చూసి, సరేనంటేనే మిగతాది అల్లుతాడు. కాదంటే ఆ సగం గూడు కొమ్మకు అలాగే వేలాడుతుంది, దారిన పోయేవాళ్లందరికీ కనబడేలా. అతను దాన్ని దాచడు.