అసిరమ్మ గరిటె

అనగా అనగా, ఇప్పుడు రోడ్డున్న చోట ఇసుక, ఇప్పుడు ఇసుకున్న చోట సముద్రం ఉన్న రోజుల్లో ఒక తీరం ఉండేది. ఒక పక్క నీలంగా సముద్రం, ఇంకో పక్క ఎర్రమట్టి దిబ్బలు, మధ్యలో మొగలిపొదల వెంట కాలిబాట. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ కళ్లు నిండితే కడుపు నిండుతుందా? ఆ దారిన వచ్చేవాళ్లు కొండ దిగుతూ అలల్ని చూసి ఆహా అనేవాళ్లు, రెండు మలుపులు తిరిగేసరికి అన్నమో రామచంద్రా అనేవాళ్లు.

ఆ దారి మొత్తానికి బాటసారికి కూడు దొరికే పొయ్యిలు మూడే మూడు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర సూరమ్మ పొయ్యి. ఆమె చేపల పులుసు తింటే చెవుల్లోంచి పొగలు వచ్చేవి, అయినా ఇంకో గరిటె వెయ్యమనేవాళ్లు. కొండ కింద పోలయ్య పొయ్యి. అతను పీతల్ని నిప్పుల మీద కాలుస్తూ, కాలినంతసేపూ కబుర్లు చెప్పేవాడు. వాటిలో పీతలే నిజం అని తిన్నవాళ్లు నవ్వుకునేవాళ్లు. మూడోది ఎర్రదిబ్బ మీద బంగారి పొయ్యి. దాని సంగతి కాసేపాగి చెబుతాను, ఎందుకంటే అప్పట్లో ఎవరూ దాని సంగతి ఎత్తేవాళ్లు కాదు.

ఈ మూడు పొయ్యిలకీ చేపలు మోసేది అసిరమ్మ. ఆమెకి ముందూ వెనకా ఎవరూ లేరు. ఉన్నదల్లా ఒక గుడిసె, తలమీద గుడ్డ చుట్టకుదురు, దాని మీద వెదురు గంప. పొద్దున్నే వలల దగ్గర గంప నింపుకుని మూడు పొయ్యిలకీ చేపలు పంచేది. పొద్దెక్కాక, కూరలు ఉడికే వేళకి, మళ్లీ అదే దారిన వెనక్కి వచ్చేది. చేపలు తెచ్చినందుకు ఆమెకి ఒక హక్కు ఉండేది. కూర దించగానే మొదటి గరిటె ఆమెదే. గంప దించేది, గరిటె అందుకునేది, నాలిక మీద వేసుకునేది. కంచం ముందు పెట్టుకుని ఎక్కడా కూర్చునేది కాదు. సాయంత్రం గుడిసెకి పోయి తన గంజి తనే తాగేది.

మిట్టమధ్యాహ్నానికి దారులు కలిసే చోట తాటిచెట్టు కింద కాళ్లు చాపుకునేది. ఆ దారిన పోయేవాళ్లంతా ఆమె ముందు ఆగి ఒకే మాట అడిగేవాళ్లు.

"అసిరమ్మా, ఈ పూట ఎక్కడ తినమంటావు?"

ఈ పూట సూరమ్మ పులుసు కుదిరింది అంటే జనం మొగ వైపు నడిచేవాళ్లు. ఈ పూట పోలయ్య పీతలు కండ పట్టి ఉన్నాయి అంటే కొండ వైపు మళ్లేవాళ్లు. సూరమ్మ పులుసులో ఉప్పెక్కువైన రోజున ఆ మాట కూడా దాచేది కాదు. సూరమ్మ మూతి ముడుచుకునేది, మర్నాడు ఉప్పు చూసి వేసేది. నిజం నిష్ఠూరమని ఊరికే అన్నారా? అలా అసిరమ్మ మాట ఆ తీరంలో చెల్లుబాటయ్యింది. బంగారి పేరు మాత్రం ఆమె నోట ఏనాడూ రాలేదు.

చెడ్డగా చెప్పిందా అంటే చెప్పలేదు. ఊరుకుంది, అంతే. కానీ చెప్పగలిగినవాళ్లు ఊరుకోవడం కూడా చెప్పడమే. దిబ్బ మీదికి ఎవరూ ఎక్కేవాళ్లు కాదు.

బంగారికి పెనిమిటి లేడు. మంచం దిగని అత్త ఉంది, పేరు పరదేశమ్మ. ఇద్దరి బతుకూ ఆ పొయ్యి మీదే. ఒకనాడు బంగారి తాటిచెట్టు దగ్గరికి వచ్చింది. అప్పా, ఒక్కసారి నా పేరు చెప్పు, ఒక్క మనిషిని పంపు అని బతిమాలింది. ఆ తీరంలో అక్కని అప్పా అనే పిలుస్తారు. అసిరమ్మకి జాలేసింది. జాలేసినా తల అడ్డంగా ఊపింది. కూర చప్పగా ఉంది, లేని రుచి ఉందని ఎలా చెప్పను అంది.

రెండోసారి బంగారి పట్టుదల మీద సూరమ్మలాగే వండింది. గుప్పెడు కారం వేసింది, పిడికెడు చింతపండు పిసికింది. ఆ మధ్యాహ్నం అసిరమ్మ గంప దించింది, గరిటె అందుకుంది, నాలిక మీద వేసుకుంది. వెంటనే ముంతెడు నీళ్లు తాగింది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టయ్యింది. ఆ పూట లోపల పరదేశమ్మ కూడా ముద్ద మింగలేక పస్తు ఉంది. ఆ ముసలమ్మకి నోరంతా పూత, కారం తగిలితే ప్రాణం పోయినంత పని. ఏళ్ల తరబడి అత్త కోసం వండీ వండీ బంగారి చెయ్యి చప్పిడికి అలవాటు పడిపోయింది. ఇది అసిరమ్మకి తెలియదు. బయట గరిటె అందుకుని పోయే మనిషికి లోపలి మంచం ఎలా కనిపిస్తుంది?

మూడోసారి బంగారి ఏమీ అడగలేదు. పొద్దున చేపలు తెచ్చిన అసిరమ్మతో మెల్లగా చెప్పింది.

"ఇయ్యాల్టికే తే అప్పా. రేపట్నించి ఈ పొయ్యి ఎలగదు. పైనూళ్లకి కూలికెల్లిపోతాను. అత్తని మోసుకెల్లలేను, ఒగ్గీసి ఎల్లలేను. ఏటి సెయ్యాలో నాకే తెల్దు."

అసిరమ్మ గంపలో పాలసొర పిల్ల ఒకటి మిగిలి ఉంది. పాలసొర అంటే చిన్న సొరచేప, బాలింతలకి పాలు పడతాయని వండిపెట్టేది. సూరమ్మ వద్దంది, పోలయ్య వద్దన్నాడు. ఆ చేపని బంగారి చేతిలో పెట్టి వచ్చేసింది. మధ్యాహ్నం తిరిగి వస్తూ దిబ్బ దగ్గర అలవాటుగా గంప దించింది, గరిటె అందుకుంది, నాలిక మీద వేసుకుంది. ఎప్పట్లాగే చప్పగా ఉంది. బరువైన మనసుతో పోయి చెట్టు కింద కూర్చుంది.

అప్పుడు వచ్చారు ఒక అన్నా చెల్లెలూ. చెల్లెలు పచ్చి బాలింత, చంకలో బిడ్డ. మామగారు చివరి ఘడియల్లో మనవణ్ణి చూడాలన్నాడని, పత్యం తీరకుండానే ప్రయాణం కట్టారు. దారిలో మూట కట్టుకున్న కూడు అయిపోయింది. పిల్ల మొహం పాలిపోయి ఉంది, బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"అమ్మా, ఈ పూట ఎక్కడ తినమంటావు?" అన్నాడు అన్న.

ఆలోచన ఎక్కడో ఉన్న అసిరమ్మ అలవాటుగా సూరమ్మ పేరు చెప్పింది. వాళ్లు వెళ్లారు. ఒక ముద్దకే ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి, బాలింత కడుపు మండిపోయింది. వెనక్కి వచ్చారు. పోలయ్య దగ్గరికి పొమ్మంది. పోలయ్య పీతలు ముందు పెట్టి, బిడ్డని చూసి తనే నాలిక కరుచుకున్నాడు. పచ్చి బాలింతకి ఎక్కడైనా పీతలు పెడతారా? మళ్లీ వెనక్కి వచ్చారు. ఆ పిల్ల చెట్టుకి చేరగిలబడిపోయింది. బిడ్డకి ఏడ్చే ఓపిక కూడా లేదు.

అసిరమ్మ ఆ పిల్ల వైపు వంగింది. ఇన్నాళ్లూ ఎవరినీ అడగని మాట అప్పుడు అడిగింది.

"అమ్మా, నీకేటి ఆకలి?"

ఆ పిల్ల కళ్లు మూసుకునే జవాబు చెప్పింది. "మా అమ్మ పెట్టిన కూడు ఆకలమ్మా. కారం ఉండదు, పులుపు ఉండదు. ఎల్లుల్లి వాసనొత్తాది, అంతే."

అసిరమ్మ నాలిక ఉలిక్కిపడింది. పొద్దు వాలకముందు ఆ నాలిక మీద పడింది అదే కదా! ఎల్లుల్లి వాసన, చప్పగా, మెత్తగా, పాలసొర. వెంటనే బిడ్డని తన చేతుల్లోకి తీసుకుంది. గంపని చెట్టు కిందే వదిలేసి దిబ్బ ఎక్కింది, అన్న చెల్లెల్ని నడిపించుకుంటూ వెనకే వచ్చాడు. ఆమె గంప వదిలి నడవడం ఆ తీరం చూడ్డం అదే మొదలు.

అక్కడ బంగారి ముంతెడు నీళ్లు పట్టుకుని పొయ్యి ముందు నిలబడి ఉంది, ఆర్పెయ్యడానికి. అసిరమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. మనుషులొచ్చారు, వడ్డించు అంది.

బాలింత మొదటి ముద్ద మింగింది. రెండో ముద్ద మింగింది. మూడో ముద్దకి తలెత్తి, ఇంకొంచెం పెట్టమ్మా అంది. లోపల మంచం మీంచి పరదేశమ్మ చేతులు చాచితే బిడ్డని ఆమె పక్కన పడుకోబెట్టారు. కడుపు నిండాక తల్లి బిడ్డని తీసుకుని పాలిచ్చింది. బిడ్డ గుటకలు వేస్తుంటే ఆ ఇంట్లో అందరూ ఆ చప్పుడే వింటూ కూర్చున్నారు.

అప్పుడు బంగారి ఇంకో కంచం పెట్టింది. అసిరమ్మ కూర్చుంది. గరిటెడు కాదు, కంచం నిండా తింది. తినేకొద్దీ ఆమెకి సంగతి బోధపడింది. గరిటెడుకి నాలిక మీద నిలబడేది కారమూ పులుపే. కమ్మదనం మెల్లగా నడిచి వచ్చే మనిషి, గరిటె దాటి కంచం దాకా వస్తేగాని ఎదురుపడదు. ఇన్నేళ్లూ తను గుమ్మంలోంచే తిరిగిపోయింది. అసిరమ్మకి సిగ్గేసింది, తిన్న తిండికి సంతోషమూ వేసింది.

"బంగారీ, నా నాలిక అబద్దమాడలేదే. అడగాల్సిన మాట నానే అడగలేదు" అంది.

ఆ రోజు నుంచి తాటిచెట్టు కింద పద్ధతి మారింది. ఎక్కడ తినమంటావు అని ఎవరడిగినా అసిరమ్మ ముందు, నీకేటి ఆకలి అని అడిగేది. వల లాగి లాగి వచ్చిన వయసువాళ్లని సూరమ్మ దగ్గరికి పంపేది. పొద్దు పోక, నలుగురితో నవ్వాలని ఉన్నవాళ్లని పోలయ్య దగ్గరికి పంపేది. జ్వరం పడి లేచినవాళ్లని, బాలింతల్ని, పళ్లూడినవాళ్లని, మనసు బాగాలేనివాళ్లని దిబ్బ ఎక్కించేది. మనసు బాగాలేనివాళ్లు ఎంతమంది ఉంటారులే అని సూరమ్మ ఈసడించింది. తీరా చూస్తే దిబ్బ మీద కూర్చోడానికి చోటు చాలేది కాదు. బంగారి పొయ్యి మరి ఆరలేదు.

కాలం నడిచింది. అసిరమ్మ నడుము వంగింది. ఒక చలికాలం జ్వరమొచ్చి తగ్గింది గాని, పోతూ పోతూ నాలిక రుచి పట్టుకుపోయింది. ఉప్పో పులుపో తెలిసేది కాదు. అయినా ముగ్గురూ మొదటి గరిటె ఆమెకే ఇచ్చేవాళ్లు. గంప దించేది, గరిటె అందుకునేది, నాలిక మీద వేసుకునేది. ఏమీ తెలియకపోయినా బాగుంది అనేది కాదు, ఆమెకి అబద్ధం చేతకాదు. నాకు తెలీటం లేదే, నీ మొహం చూస్తే కుదిరినట్టే ఉంది అనేది. చెట్టు కింద కూర్చుని ఎదుటివాళ్ల మొహం చూసి ఆకలి అడిగేది. దానికి నాలికతో పని లేదు కదా.

చివరికి ఒకనాడు గంప ఎత్తలేక ఆ చెట్టు కిందే ఒరిగింది. సూరమ్మ పులుసు తెచ్చింది. పోలయ్య పీత తెచ్చాడు. బంగారి మాత్రం ఉత్త చేతులతో వచ్చి పక్కన కూర్చుని, ఆమె తల ఒళ్లో పెట్టుకుంది.

"అప్పా, నీకేటి ఆకలి?"

అసిరమ్మని ఆ మాట అడిగినవాళ్లు అంతవరకు ఎవరూ లేరు.

"మీరు ముగ్గురూ ఒక్క కాడ కూకుని తినండే. నాను సూడాల."

ఒకరి కూర ఒకరు నోట పెట్టని మనుషులు వాళ్లు. ఆ పూట బంగారి కూర కూడా దిబ్బ మీంచి తెప్పించి, తాటాకులు పరిచి ఒక్క బంతిన కూర్చున్నారు. సూరమ్మ చప్పిడి కూర తింది, బంగారి పులుసు తిని దగ్గింది, పోలయ్య కబుర్లు మాని తిన్నాడు. అసిరమ్మ ముగ్గురి మొహాలూ చూసింది. ఆమె మొహం కూడా కడుపు నిండిన మనిషి మొహంలా అయ్యింది. అలా చూస్తూ చూస్తూనే వెళ్లిపోయింది.

ఆ తీరంలో ఇప్పటికీ కూర దించగానే మొదటి గరిటె ఆకులో వేసి గుమ్మం బయట పెడతారు. అది అసిరమ్మ గరిటె. కాకి తిన్నా, కుక్క తిన్నా, దారిన పోయే మనిషి తిన్నా అదిలించరు. ఏడాదికోసారి ఊళ్లన్నీ తమ తమ కూరలు తెచ్చుకుని ఇసుక మీద ఒక్క బంతిన తింటాయి. బాలింతకి పత్యం పెట్టేటప్పుడు, దిబ్బ ఎక్కి వచ్చావా తల్లీ అని మురిపెంగా అడుగుతారు.

మీరెప్పుడైనా ఆ వైపు వెళ్లి, ఎక్కడ తింటే బాగుంటుందని అడిగారనుకోండి, ఎవరూ ఊరి పేరు చెప్పరు, పొయ్యి పేరు చెప్పరు. మిమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మొహంలోకి చూసి, నీకేటి ఆకలి అంటారు. అక్కడ అబద్ధం చెప్పకండి. గంప దిగింది, కథ దిగింది, ఇక మన కూడు దించుకుందాం.