వెయ్యి చేపపిల్లలు

సోమలింగానికి నాలుగు రోజులుగా ముద్ద దిగడం లేదు. ఎలా దిగుతుంది? అంత చావూ తన చేతుల మీదుగా జరిగిందాయె.

మఠం తాలూకు మూడెకరాల వరికి దోమ పట్టింది. ఆ సేద్యం చూసే శిష్యుడు ఇతనే. కొట్లో ట్యాంకు నీళ్ళకి మందు రెండు మూతలు కలపమన్నారు. ఒక్క దోమా మిగలకూడదని నాలుగు మూతలు కలిపి కొట్టాడు. అంతటితో ఊరుకున్నాడా? స్ప్రేయరు తీసుకెళ్ళి కాలవలో శుభ్రంగా కడిగాడు. పారే నీళ్ళే కదా, ఏమవుతుందిలే అనుకున్నాడు మహానుభావుడు!

ఆ నీళ్ళే దిగువన పోలమ్మ చేపల చెరువులోకి వెళతాయి. తెల్లారేసరికి శీలావతి, బొచ్చె చేపలన్నీ పొట్టలు పైకి పెట్టి తేలాయి. రొయ్యలు గట్టువారన కుప్పలు పడ్డాయి. కప్పలు కూడా మిగల్లేదు. పోలమ్మ గట్టు మీద చతికిలబడి, "మా ఏడాది కూడు పోయింది సామీ" అంది. అంతే. నాలుగు తిట్టినా బాగుండేది.

"ఈ పాపం ఎలా పోతుంది తాతా?" అని గురువు గవరయ్య తాతని రోజూ అడిగాడు. తాత విని, పూజకి లేచేవాడు.

ఐదోనాడు సోమలింగం చీకటితోనే లేచి, రెండు బస్సులు మారి, హేచరీ నుంచి వెయ్యి చేపపిల్లల్ని తెచ్చాడు. గాలి నింపి కట్టిన పెద్ద సంచి ఒకటి, కొసరుగా ఇచ్చిన చిన్న సంచి ఒకటి. గట్టు ఎక్కేసరికి మధ్యాహ్నమైంది. తాతా, పోలమ్మా అప్పటికే అక్కడున్నారు. ముఖంలో కాస్త కళ కూడా వచ్చింది.

పెద్ద సంచి విప్పబోతుంటే తాత చెయ్యి పట్టుకున్నాడు. చిన్న సంచిలోంచి పది పిల్లల్ని దోమతెర గుడ్డలో వేసి, గెడకి కట్టి చెరువులో ముంచాడు. నీళ్ళు పనికొస్తాయో లేదో చూడడానికి, కొత్త పిల్లల్ని వదిలేముందు పోలమ్మ ఎప్పుడూ చేసేదే.

అవి గిరగిరా తిరిగాయి. పక్కకి ఒరిగాయి. ఆకూ వక్కా వేసుకునేంత సేపు కూడా పట్టలేదు.

"పోనీ, ఎగువ కాలవలో వదులుదాం" అన్నాడు సోమలింగం.

"ఎగువ కూడా అదే మందండీ" అంది పోలమ్మ. "ఈ వారం ఊరంతా కొట్టారు. మీరొక్కరే కాదు."

"బోరు నీళ్ళలో?"

"ఈ ఊరి బోర్లు ఉప్పు కషాయం కదండీ."

"వెనక్కి తీసుకెళ్ళిపోతాను."

"మళ్ళీ బస్సు సాయంత్రమేనండీ, మీరు వెళ్ళేసరికి చీకటి పడిపోద్ది. సంచిలో గాలి పొద్దుగూకేదాకానే."

సోమలింగం సంచి ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాడు. సంచి మీద అతని అరచెయ్యి ఎక్కడ ఆనితే అక్కడికి చేరి మూతులు ఆనిస్తున్నాయి పిల్లలు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"తాతా, వీటినేం చెయ్యను?"

తాత తన పైపంచె తీసి సంచి మీద కప్పాడు. పక్కనే కూర్చున్నాడు.

"ఎండ తగలనీకు నాయనా" అన్నాడు. "పొద్దుగూకేదాకా మనం చెయ్యగలిగింది ఇదే."