పోయొస్తామన్న చాపలవాళ్ళు

అనగనగా, గోదారి పాయ పక్కన ఒక ఊళ్ళో పల్లాలమ్మ అని ఒకావిడ ఉండేదిరా కన్నా. సంతలో మరమరాలు వేయించి అమ్మేది. మూకుట్లో వేడి ఇసక పోసి బియ్యం వేసిందంటే చాలు, మల్లెమొగ్గలన్నీ ఒక్కసారే విచ్చుకున్నట్టు పొంగేవి. పొయ్యిలోకి ఎండు తుంగ. కాలవగట్టున పెరిగే ఆ గడ్డి ఆవిడ పొయ్యికి తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు. ఆ పొయ్యే ఆవిడకి అన్నం పెట్టేది.

అప్పుడొక వానాకాలం ఏరు పొంగి, ఎగువన ఏటి నడుమ ఉన్న లంకని ముక్కలు ముక్కలుగా కోసుకుపోయింది. ఇళ్ళూ పోయాయి, కొబ్బరిచెట్లూ పోయాయి. పాపం, లంకవాళ్ళు తడిసిన మూటలతో వచ్చి ఈ ఊరి గట్టుమీద పాకలు వేసుకున్నారు. ఆ తుంగే కోసి, ఎండబెట్టి, చాపలు అల్లడం మొదలెట్టారు.

ఆ తర్వాత చాపలకోసం దూరాల నుంచి బళ్ళొచ్చేవి. బళ్ళవాళ్ళు ఆకలేసి మరమరాలు కొనేవాళ్ళు. పల్లాలమ్మ కళ్ళు మాత్రం తరిగిపోతున్న తుంగమీదే!

ఊళ్ళోనూ గొణుగుడు మొదలైంది. "మన బావి ఎండగట్టేస్తారు" అంది ఒకావిడ. "మన కూలిపనులు తన్నుకుపోతారు" అన్నాడొకాయన. పల్లాలమ్మ అయితే గట్టు అదిరేలా అరిచింది. "నా తుంగంతా కోసేశారు! వీళ్ళు పోతేగానీ నా పొయ్యి వెలగదు!"

ఆ మాట లంకవాళ్ళ చెవిన పడింది. మర్నాడే మూటలు కట్టేశారు. వాళ్ళలో పెద్దావిడ వీరవేణి, పల్లాలమ్మ గుమ్మం ముందు ఆగి, "పోయొస్తాం వదినా" అంది. మనమూ ఎవరింటి నుంచి బయల్దేరినా అలాగే అంటాం కదా? ఉత్తినే పోతాం అనకూడదు. పల్లాలమ్మ మూతి తిప్పుకుని, "మళ్ళీ రావడమెందుకు? పోండి" అనేసింది.

ఆ తర్వాత తుంగ ఏపుగా పెరిగింది. పొయ్యి భగభగ మండింది. మరమరాలు గుట్టలయ్యాయి. కానీ మొదటి సంతకి బళ్ళు రాలేదు. చాపలెటు పోతే అవీ అటే పోయాయి. రెండో సంతకి కుండలాయనా, బెల్లమమ్మే ఆయనా బళ్ళవెంటే పోయారు. మూడో సంతకి మిగిలింది పల్లాలమ్మా, ఆవిడ మరమరాలూ, ఒక మేకా. ఆ మేక కూడా రెండు బుక్కలు తిని, తోకాడించుకుంటూ వెళ్ళిపోయింది.

అప్పుడుగానీ పల్లాలమ్మకి తెలిసిరాలేదు, సంతకి బళ్ళని రప్పించింది ఆ చాపలేనని. మరమరాలు మూట కట్టుకుని గట్టు వెంబడి పరుగులాంటి నడక నడిచింది. లంకవాళ్ళు వెళ్ళి ఆగిన దిగువ ఊళ్ళోనూ ఎవరో "పోండి" అన్నారట. ఆవిడ వెళ్ళేసరికి వాళ్ళు పడవలోకి సామాను ఎక్కిస్తున్నారు. ఆ పడవ కదిలిందా, ఇక దొరకరు!

ఏమనాలి? చివరికి వీరవేణి చెంగు పట్టుకుని, "ఏం వదినా, పోయొస్తామన్నావు. పోవడమైతే పోయావు. రావడం మర్చిపోయావా?" అంది.

వీరవేణి ఆవిడవైపు తేరిపార చూసింది. చూసీ చూసీ ఫక్కున నవ్వేసింది. "రమ్మనే నోరు లేక ఆగాం వదినా! మరి నీ పొయ్యో?"

"కాడలు మీ చాపలకి, కొసలు నా పొయ్యికి" అంది పల్లాలమ్మ, కళ్ళొత్తుకుంటూ.

అప్పుడు పడవలోంచి సామాను దిగింది. పల్లాలమ్మ గుండెల్లోంచి బరువూ దిగింది. ఆ తర్వాతి సంతలో ఎంత జనమంటే, పాపం ఆ మేకకి నిలబడ్డానికి చోటే దొరకలేదు. ఇప్పటికీ ఆ ఊళ్ళో ఎవరినీ ఉత్తినే "పోండి" అనరు. "పోయి రండి" అంటారు.

ఇంక కళ్ళు మూసుకో కన్నా.

చాపలు సంతకి, మరమరాలు మూటకి,
నవ్వులు నోటికి, నిద్దర కంటికి,
కథ పోయొస్తుంది కంచికి, మనం చేరాం ఇంటికి!