ఆరేసిన చీరల నీడ

చిదంబరయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న వేసినా వెంటనే బదులు చెప్పేవారు కాదు. చేతిలో ఉన్న పని ఏమిటో అడిగి, ముందు అది చూసుకుని రమ్మనేవారు. పెద్ద పెద్ద సందేహాలు మోసుకొచ్చిన వాళ్లకు ఇది చిర్రెత్తించేది. శిష్యుడు పురుషోత్తానికీ అలాగే ఒళ్లు మండింది.

భార్య సుగుణ పోయాక అతను రాయచోటి దగ్గరి ఆయన ఆశ్రమంలో చేరాడు. తెల్లవారుజామున ధ్యానానికి కూర్చుంటే, మనసు ఒక దారికి వచ్చే సమయానికి సరిగ్గా సుగుణ వచ్చేది, జడ అల్లుకుంటూ, ఏదో అడగబోతున్నట్టు. ఇక ఆ పూటకు ధ్యానం అంతటితో సరి. ఏళ్లు గడిచినా ఇదే తంతు. ఆమె రాకుండా ఉండే ఉపాయం చెప్పమని గురువుగారిని అడిగాడు. అడిగాడే గాని, ఆమె నిజంగానే రావడం మానేస్తే తను ఏమైపోతాడోనన్న దిగులు అతని గొంతులోనే ఉంది.

"ఊళ్లో సోలార్ పలకల సంగతి ఎంతవరకు వచ్చింది?" అన్నారు చిదంబరయ్యగారు.

ఆశ్రమం వాళ్లు కింది ఊళ్లో కొన్ని మిద్దెల మీద సోలార్ పలకలు పెట్టించారు. ఏ ఇంట కరెంటు ఎంత పుడుతోందో ఫోన్‌లో గీతలా కనిపిస్తుంది. ఆ గీత పొద్దుతోపాటే ఎక్కి, పొద్దుతోపాటే దిగాలి. దాన్ని కనిపెట్టుకుని ఉండే పని పురుషోత్తానిది, అందులో అతనికి పట్టింపు జాస్తి. గంగాదేవి ఇంటి గీత ఒక్కటే కంట్లో నలుసైంది. రోజూ ఎండ బాగా ముదిరే వేళకు అది కుంగిపోయి, కాసేపటికి మళ్లీ లేచేది.

వెళ్లి చూస్తే పలకల ముందే దండెం, దాని మీద తడి చీరలు. వాటి నీడ పలకల మీద పడుతోంది. ఒక్క పలక మీద నీడ పడినా మిగతావీ మందగిస్తాయని గంగాదేవికి ఓపిగ్గా చెప్పి, దండెం విప్పించి పెరట్లో కట్టించాడు. మర్నాటి నుంచి గీత కడిగిన ముత్యంలా వచ్చింది. అది గురువుగారికి చూపించి మెప్పు కోసం నిలబడ్డాడు. ఆయన చూసి ఫోన్ తిరిగి ఇచ్చేశారు.

కొద్ది రోజులకు గంగాదేవి భర్త ఓబులేసు కువైట్ నుంచి ఫోన్ చేశాడు. అతను అక్కడ ఒకరింట్లో డ్రైవరు. పురుషోత్తం గురువుగారి ఎదుటే మాట్లాడాడు.

"సామీ, మా ఇంటి మిషను చెడిపోయిందా? లేకుంటే ఆమెకే ఏమన్నా అయిందా?"

చెడడమేమిటి, ఇప్పుడే కదా బాగుపడింది అంటూ పురుషోత్తం దండెం కథ చెప్పాడు. ఇక పోనని మాటిచ్చి మళ్లీ పోయినందుకు గంగాదేవి తన మీద అలిగిందని, అప్పటి నుంచి ఫోన్ ఎత్తదని ఓబులేసు నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఆ గీత అతని ఫోన్‌లోనూ కనిపిస్తుంది. ఇక్కడ ఎండ ముదిరే వేళకు అక్కడింకా పొద్దున్నే. అది కుంగగానే, ఉతికింది, మిద్దె ఎక్కింది, ఆరేసింది, బాగుంది అనుకుని బండి తీసేవాడు.

"ఇప్పుడు గీత నున్నగా ఉండాది. చూస్తే భయమైతాంది. కరెంటు తక్కువొస్తే రానీ సామీ, ఆ దండెం ముందున్న చోటే కట్టించు."

పురుషోత్తం తల వంచుకుని ఊళ్లోకి వెళ్లాడు. విన్నదంతా గంగాదేవికి చెప్పాడు. ఆమె గడపలో నిలబడి విన్నది.

"పొద్దున్నే చూస్తాడా?" అని మాత్రం అడిగింది.

చూస్తాడన్నాడు. ఆమె తనే దండెం విప్పి తెచ్చి మిద్దె మీద కట్టింది. ఆ రోజు ఉతికిన బట్టలు అప్పటికే ఆరిపోయి ఉన్నాయి. లోపలికి వెళ్లి, పెట్టెలోంచి మడత నలగని చీర ఒకటి తెచ్చి, వెడల్పుగా విప్పి ఆరేసింది. పురుషోత్తం చేతిలోని ఫోన్‌లో గీత కుంగింది. దాన్ని చూస్తూ అతను ఏడ్చాడు. సుగుణ పోయిన రోజున కూడా అతను అంతగా ఏడవలేదు.

ఆశ్రమానికి తిరిగివచ్చి గురువుగారి ముందు కూర్చుని జరిగినదంతా చెప్పాడు.

"ధ్యానంలో ఆమె వచ్చినప్పుడు కాస్త జరిగి చోటివ్వు నాయనా," అన్నారు చిదంబరయ్యగారు. "ఎండ ఎక్కడికీ పోదు."